బెంజి ఇ-క్లాసు: టాక్సీ స్టాండు నుంచి దర్జా వాకిలి దాకా

తెలుగువారి వాడుకలో బెంజి కారంటే సంపదకు మారుపేరు. పెళ్ళి సంబంధాల కబుర్లలోనైనా, సినిమా సంభాషణల్లోనైనా ‘బెంజి కారులో దిగాడు’ అన్నాక ఇక వివరించవలసింది ఏమీ మిగలదు. ఈ భావనతో పెరిగినవారు మొదటిసారి ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం బయట అడుగు పెట్టినప్పుడు కాస్త తికమక పడతారు. లేత దంతపు రంగులో బారులు తీరిన టాక్సీలలో చాలావాటి ముక్కు మీద ఆ మూడు కోణాల నక్షత్రమే కనిపిస్తుంది. మన ఊళ్ళో మంత్రులూ పారిశ్రామికవేత్తలూ వెనక సీట్లో కూర్చుని తిరిగే కారు, అక్కడ మీటరు వేసుకుని పెట్టెలు మోస్తూ ఉంటుంది. ఆ రెండూ ఒకే కారు. దాని పేరు ఇ-క్లాసు. ఈ రెండు జీవితాలూ ఒకే యంత్రంలో ఎలా ఇమిడాయన్నదే దాని చరిత్ర.

ముందుగా ఆ ‘ఇ’ సంగతి. చాలామంది దాన్ని ‘ఎగ్జిక్యూటివ్’ అన్న మాటకు పొడి అక్షరం అనుకుంటారు. కారు తరగతికి ఆ పేరు చక్కగా అతికింది కాబట్టి పొరపాటు సహజమే. అసలు అది ‘ఐన్‌ష్ప్రిట్సుంగ్’ అనే జర్మన్ మాటలోని తొలి అక్షరం. ఇంధనాన్ని కార్బురేటరు ద్వారా కాక, పిచికారీ చేసి ఇంజనుకు అందించే పద్ధతికి ఆ పేరు. 300 ఇ అంటే మూడు లీటర్ల ఇంజను, పిచికారీ పద్ధతి అని అర్థం. డీజిల్ కారుకైతే అంకె చివర ‘డి’ ఉండేది. కాలక్రమంలో పెట్రోలు కార్లన్నిటికీ పిచికారీయే వచ్చేసి, ఆ అక్షరం చెప్పే విశేషం ఏమీ లేకపోయింది. 1993లో కంపెనీ దాన్ని అంకె వెనకనుంచి తీసి ముందుకు తెచ్చి, తరగతి పేరుగా మార్చింది. అంటే పేరు పుట్టేనాటికే ఈ కారు వంశానికి నలభై ఏళ్ళు.

వంశానికి మూలపురుషుడు 1953 నాటి 180. యుద్ధంలో కుప్పకూలిన జర్మనీ లేచి నిలబడుతున్న రోజులవి. అంతవరకు ఈ కంపెనీ కార్లకు అడుగున ఒక ఉక్కు చట్రం, దానిపైన విడిగా బిగించిన పెట్టె ఉండేవి. ఎద్దుబండికి ఇరుసూ తొట్టీ వేరుగా ఉన్నట్టు. 180లో నేలభాగాన్నీ పెట్టెనూ కలిపి అతికి ఒకే గుల్లగా చేశారు. కారు తేలికైంది, లోపల చోటు పెరిగింది. చక్రాల మీద ఉబ్బిన రెక్కలు పోయి, పక్కలు నున్నగా, పడవలా తయారయ్యాయి. పాంటన్, అంటే తెప్ప, అన్న ముద్దుపేరు అందుకే వచ్చింది.

మరుసటి ఏడాది అందులో డీజిల్ ఇంజను పెట్టి 180 డి అన్నారు. దాని శక్తి 40 అశ్వాలు. గంటకు 110 కిలోమీటర్లు దాటించడమంటే గాలివాటం కలిసిరావాలి. అయినా జర్మనీ టాక్సీవాళ్ళు దానికోసం ఎగబడ్డారు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఎక్కువ నొక్కుడు వల్ల ఇంధనంలోని శక్తిలో ఎక్కువ వాటా పనిగా మారుతుంది, అంతటి ఒత్తిడిని భరించాలి కాబట్టి ఇంజను భాగాలను మొదటినుంచే దిట్టంగా పోస్తారు. ఈ రెండు గుణాల ఫలితంగా ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. రోజంతా నడిచే బండికి వేగంతో పనేముంది?

డీజిల్‌ను కారులో పెట్టడం ఈ కంపెనీకి కొత్త కాదు. 1909లోనే బెంజి కర్మాగారపు ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ సిలిండరు పక్కన చిన్న ముందుగది ఒకటి కట్టి, దహనం అక్కడ మొదలయ్యేట్టు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. దానివల్ల డీజిల్ మోటు దడదడ కొంత తగ్గి, చిన్న ఇంజన్లు సాధ్యమయ్యాయి. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో 260 డి అనే డీజిల్ కారు కనిపించింది. అయితే ఆ ముందుగది చల్లగా ఉంటే ఇంజను అంటుకోదు. తాళం తిప్పి, గ్లో ప్లగ్గు ఎర్రబడేదాకా చలిలో కాచుకోవాలి. జర్మన్లు ఆ విరామానికి ‘రుడాల్ఫ్ డీజిల్ సంస్మరణ నిమిషం’ అని పేరు పెట్టారు. జర్మన్లకు హాస్యం తెలియదన్నవారు ఈ ఒక్క మాట విని ఉండరు.

ఇంతకన్నా గొప్ప మార్పు 1950ల చివర వచ్చింది. దాని కర్త బేలా బరేనీ. 1907లో వియన్నా దగ్గర పుట్టి, 1939లో డైమ్లర్-బెంజిలో చేరిన ఇంజనీరు. జీవితంలో 2,500కు పైగా పేటెంట్లు సంపాదించాడు. ఆ రోజుల్లో అందరి నమ్మకం ఒకటే: బండి ఎంత గట్టిదైతే మనిషికి అంత క్షేమం. గుద్దుకున్నా చొట్ట పడని కారును చూపి అమ్మకందారులు గర్వపడేవారు. బరేనీ దీన్ని తలకిందులు చేశాడు. మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా ఉన్న భాగాలు నలిగిపోవాలి అన్నాడు. 1951లో ఈ ఊహకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ఆ వేగంతో వెళ్ళే కారు గోడకు తగిలి 10 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే, అందులోని మనిషి మీద పడే బలం అతని బరువుకు దాదాపు 100 రెట్లు. అదే ముందుభాగం నలుగుతూ 60 సెంటీమీటర్ల దూరంలో ఆగితే 16 రెట్లకు కాస్త పైన. వేగం అదే, గోడ అదే, మనిషి అతడే. ఆ అర మీటరు ఇనుము నలగడమే బతుక్కీ చావుకీ మధ్య తేడా. ప్రమాదంలో ఢీకొనడం మూడుసార్లు జరుగుతుందని అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యులకు తెలుసు. ముందు కారు గోడను తాకుతుంది. తరువాత మనిషి కారును తాకుతాడు. చివరికి మనిషి లోపలి అవయవాలు అతని ఎముకలనే తాకుతాయి. మెదడు కపాలానికి కొట్టుకుంటుంది. గుండెనుంచి బయలుదేరే బృహద్ధమని, వెన్నుకు అతుక్కున్న చోట చిరుగుతుంది. పైకి ఒక్క గాయమూ లేని మనిషి ఆసుపత్రి వాకిట్లోనే ప్రాణం విడవడం ఇందువల్లే. మూడో తాకిడిని ఏ శస్త్రవైద్యుడూ ఆపలేడు. దాన్ని తగ్గించగలిగేది మొదటి తాకిడిని సాగదీసినవాడే.

బరేనీ ఊహ 1959లో తోకరెక్కల కార్లుగా పేరుపడ్డ పెద్ద సెడాన్లలో ఆచరణలోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 10న జిండెల్‌ఫింగెన్ కర్మాగారం దగ్గర కంపెనీ తన మొదటి గుద్దుడు పరీక్ష జరిపింది. బండిని నిర్ణీత వేగంతో గోడ మీదికి పంపడానికి కొన్నాళ్ళు వేడినీటి ఆవిరితో ఎగదోసే రాకెట్టును వెనక తగిలించేవారు! 1961లో ఇ-క్లాసు పూర్వీకుడైన డబ్ల్యూ 110కు ఆ రక్షణ గది సంక్రమించింది. అంటే టాక్సీ డ్రైవరుకు, సంపన్నుడికి దొరికిన రక్షణే దొరికింది. ఈ వరుసకు గౌరవం రావడానికి ఇది ముఖ్య కారణం. మూడు బిందువుల సీటు బెల్టు కూడా అదే 1959లో స్వీడన్‌లో వోల్వో సంస్థ కార్లలో మొదలైందని గుర్తుంచుకోవాలి. నలిగే ముక్కు ఎంత గొప్పదైనా, బెల్టు లేని మనిషికి దాని ఉపయోగం కొద్దిపాటిదే.

1969 నుంచి కంపెనీ ఇంకొక పని మొదలుపెట్టింది. జిండెల్‌ఫింగెన్ చుట్టుపక్కల తమ కార్లకు నిజంగా జరిగిన ప్రమాదాల స్థలాలకు, పోలీసుల సహకారంతో, ఇంజనీర్లను పంపింది. ఏ భాగం ఎంత నలిగింది, లోపలివారికి ఏ దెబ్బ ఎక్కడ తగిలింది అని వారు రాసుకునేవారు. శవపరీక్ష లేని వైద్యం గుడ్డిదన్న సూత్రం వంటిదే ఇదీ. నిజమైన ప్రమాదాల్లో కార్లు చాలాసార్లు ముఖాముఖి పూర్తిగా గుద్దుకోవడం లేదని, ఒక పక్క మాత్రమే తగులుతున్నదని అలా తెలిసింది. ముక్కులో 40 శాతమే తాకినా గది చెదరకుండా ఉండేట్టు 1980ల కార్లను తీర్చడానికి ఆ కాగితాలే ఆధారం.

1968లో పాల్ బ్రాక్ గీసిన నిరాడంబరమైన రూపంతో డబ్ల్యూ 114, 115 జంట వచ్చింది. సుమారు 19 లక్షల కార్లు తయారయ్యాయి. 1974లో ఇందులోనే ప్రపంచంలో మొట్టమొదటి అయిదు సిలిండర్ల డీజిల్ కారు వెలువడింది. గ్రీసులోని థెస్సలొనీకీ నగరంలో టాక్సీగా తిరిగిన ఒక 240 డి ఈ తరానిదే. అది 46 లక్షల కిలోమీటర్లు నడిచింది. చంద్రుడి దాకా ఆరుసార్లు పోయి ఆరుసార్లు తిరిగి రాదగిన దూరం. యజమాని ఇంజన్లను మార్చి మార్చి వాడుకున్నాడు కాబట్టి ఒక్క ఇంజను ఘనత కాదు. 2004లో కంపెనీ ఆ కారును తన ప్రదర్శనశాలకు తీసుకుని, బదులుగా అతనికి కొత్త కారు ఇచ్చింది.

1976లో డబ్ల్యూ 123 వచ్చేసరికి కొనుగోలుదారులు నెలల తరబడి కాచుకోవలసి వచ్చింది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారు కారు చేతికందగానే లాభానికి అమ్ముకున్న సందర్భాలున్నాయి. పదేళ్ళలో దాదాపు 27 లక్షలు తయారయ్యాయి. వెనకభాగం పొడిగించిన ఎస్టేటు రూపమూ దీనితోనే మొదలైంది. 200 డి అనే రకం నిలుచున్న చోటునుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి అరనిమిషం పైనే తీసుకునేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1980లో బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చేసే ఏబీఎస్, 1982లో డ్రైవరు ఎయిర్ బ్యాగు అదనపు సొమ్ముకు దొరికాయి. అమెరికాలో ఇంధన కొరత రోజుల్లో 240 డి, 300 డి వైద్యులూ ఆచార్యులూ ఇష్టపడే కార్లయ్యాయి. తరువాతి కాలంలో కాలిఫోర్నియా, ఆరెగాన్ వంటి చోట్ల ఆ పాత కార్లనే హోటళ్ళలో వేపుళ్ళకు వాడి పారబోసిన నూనెతో నడిపినవారు ఎందరో. ఐరోపాలో వయసు మీరిన కార్లు ఓడలెక్కి ఆఫ్రికా చేరి, మొరాకోలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే ‘గ్రాన్ టాక్సీ’లుగా మరో ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతికాయి. మన వైపు పల్లెల్లో ఏడుగురెక్కే ఆటో ఎలాంటిదో, అక్కడ ఈ బెంజి అలాంటిది.

1984 చివర వచ్చిన డబ్ల్యూ 124ను చాలామంది ఈ వంశంలో శిఖరం అంటారు. ఆ తీర్పుతో విభేదించడం కష్టం. బ్రూనో సాకో నాయకత్వంలో తయారైన రూపంలో అలంకారం దాదాపు శూన్యం. గాలి నిరోధ గుణకం 0.30 దరిదాపుల్లో ఉండేది. వెనక చక్రం ఒక్కొక్కటి అయిదు కడ్డీల సాయంతో నిలిచేది. అద్దం తుడవడానికి ఒకే ఒక్క వైపరు. అది ఊగుతూనే మూలల వైపు పొడవు సాగి మళ్ళీ ముడుచుకునేది. అద్దంలో 86 శాతం తుడిచేది. ఇంత శ్రమ ఒక వైపరు మీద వెచ్చించడం వ్యాపారదృష్టికి వెర్రితనంగానే కనిపిస్తుంది.

ఆ దృష్టి మారవలసిన రోజు త్వరలోనే వచ్చింది. 1989లో జపాన్ నుంచి లెక్సస్ అమెరికాలో దిగింది. అంతే నిశ్శబ్దం, అంతకన్న నమ్మకం, ధర మాత్రం బాగా తక్కువ. ముందు కారు చేసి, అయిన ఖర్చుకు లాభం కలిపి ధర పెట్టే జర్మన్ పద్ధతికి అది చావుదెబ్బ. ఇకమీద ముందు ధర నిర్ణయించి, దానికి లోబడి కారు చేయాలి.

ఫలితాలు 1990లలో కనబడ్డాయి. వాటిలో ఒకటి పిసినారితనం వల్ల కాక, సదుద్దేశం వల్ల వచ్చిన చేటు. 124 చివరి సంవత్సరాల కార్లలో ఇంజను చుట్టూ ఉండే విద్యుత్తు తీగలకు, పారేశాక మట్టిలో కలిసిపోయే రకం తొడుగు వాడారు. అది పారేసేదాకా ఆగలేదు. ఇంజను వేడికి ఎండి, పెళుసుబారి, పొడిపొడిగా రాలింది. తీగ తీగను తాకి, ఇంజను తడబడడం, ఆగిపోవడం మొదలైంది. నరాల చుట్టూ ఉండే మయలిన్ పొర ఊడిపోయిన రోగి లక్షణాలు గుర్తున్నవారికి ఈ జబ్బు వెంటనే అర్థమవుతుంది: కండరం బాగానే ఉంటుంది, మెదడూ బాగానే ఉంటుంది, మధ్యలో కబురే చేరదు.

1995లో నాలుగు కోలకళ్ళ డబ్ల్యూ 210 వచ్చింది. ముఖం కొత్తది, అమ్మకాలు ఘనం. కానీ కొన్నేళ్ళకే తలుపుల అంచుల్లో, చక్రాల పై రెక్కల్లో తుప్పు తేలింది. ముప్ఫై ఏళ్ళ తాత మొరాకో ఎండల్లో తిరుగుతుంటే, అయిదేళ్ళ మనవడికి చర్మవ్యాధి! 2002 నాటి డబ్ల్యూ 211 రూపంలో అందమైనది. దాని చిక్కు బ్రేకులో వచ్చింది. అందులో పాదం నొక్కుడును కంప్యూటరు చదివి, విద్యుత్తు పంపు సిద్ధంగా ఉంచిన పీడనంతో ఒక్కొక్క చక్రానికి కావలసినంత బ్రేకు వేస్తుంది. ఊహ గొప్పది. పంపు విఫలమైతే పాదబలం ముందు చక్రాలకే చేరుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. 2004లో దాదాపు 6,80,000 కార్లను, 2005లో బ్రేకుతో పాటు ఇతర విద్యుత్ లోపాల కోసం 13 లక్షల కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. 2006 సవరణలో మామూలు బ్రేకే తిరిగి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ మధ్యలోనే, 2005లో, టెక్సస్‌లోని లరేడో పరీక్షాపథం మీద ఈ తరపు మూడు డీజిల్ కార్లు 30 రోజుల్లో లక్ష మైళ్ళు, గంటకు సగటున 224 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాయి. ఇంజను తాతల నాటిదే అన్నంత దిట్టం. బలహీనపడ్డది దాని చుట్టూ అల్లిన ఎలక్ట్రానిక్ జాలం.

అయితే ఈ వంశానికి అసలు పరీక్ష పొగగొట్టం దగ్గర ఎదురైంది. డీజిల్ దహనంలో రెండు చెడుగులున్నాయి. ఇంధనం గాలితో సరిగా కలవని చోట మసి పుడుతుంది. వేడి మరీ ఎక్కువైన చోట గాలిలోని నత్రజనే మండి ఆక్సైడులవుతుంది. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. మసిలోని సూక్ష్మకణాలు ఊపిరితిత్తుల వాయుగోణులదాకా దిగుతాయి. నత్రజని ఆక్సైడులు ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. నలభై ఏళ్ళుగా పొదుపరి అని మెచ్చుకున్న ఇంజను, నగరాల ఊపిరి మీద అప్పు రాస్తూ వచ్చిందన్నమాట.

ఇంజనీర్ల జవాబు తెలివైనదే. మసికి వడపోత పెట్టారు. ఆక్సైడులకు, 2009 నాటి డబ్ల్యూ 212 తరంలో, యూరియా ద్రావణం. దాన్ని వేడి పొగలోకి చిమ్మితే యూరియా విడిపోయి అమోనియా అవుతుంది. అమోనియా ఆక్సైడులతో కలిసి మామూలు నత్రజని, నీరు మిగులుతాయి. మన కాలేయం ప్రమాదకరమైన అమోనియాను యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఈ పొగగొట్టం సరిగ్గా ఆ దారినే వెనక్కి నడుస్తుంది. చిక్కేమిటంటే ద్రావణం ఖర్చవుతుంది, ట్యాంకు చిన్నది. పరీక్షశాల బయట ఈ శుద్ధిని సాఫ్ట్‌వేరు తగ్గించేస్తున్నదని అమెరికా అధికారులు అభియోగం మోపారు. సుమారు 2,50,000 డీజిల్ కార్లు, వ్యాన్ల విషయంలో 2020లో కంపెనీ, తప్పును అంగీకరించకుండానే, ప్రభుత్వ సంస్థలతో దాదాపు 150 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అప్పటికే అమెరికాలో డీజిల్ కార్ల అమ్మకం ఆపేసింది. భారతదేశంలోనూ 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2000 సీసీ, ఆపైన డీజిల్ కార్ల నమోదును నిలిపివేసింది. 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సుంకంతో అనుమతించింది.

భారతదేశంతో ఈ నక్షత్రానికి పరిచయం కార్లకన్నా ముందు లారీలతో జరిగింది. 1954లో టాటాల టెల్కో సంస్థకూ డైమ్లర్-బెంజికీ కుదిరిన ఒప్పందం వల్ల, పదిహేనేళ్ళపాటు టాటా లారీల ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. పాతతరం తెలుగు డ్రైవర్ల నోట ‘బెంజి లారీ’ అన్న మాట అప్పటిది. విజయవాడలో బెంజి సర్కిల్ అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. కారు మాత్రం 1995లోగాని రాలేదు. పుణె దగ్గర టెల్కోతో కలిసి ఇ 220, 250 డి తయారీ మొదలుపెట్టారు. అవి డబ్ల్యూ 124లు. సరిగ్గా ఆ ఏడే ఐరోపాలో ఆ కారుకు సెలవిచ్చి 210ని తెచ్చారు. పాతబడ్డ సరుకు మనకు అంటగట్టారన్న విమర్శ వచ్చింది, అందులో నిజం ఉంది. కానీ తుప్పు చరిత్ర తెలిశాక వెనుదిరిగి చూస్తే, ఆనాటి కొనుగోలుదారులు మరీ నష్టపోయినట్టు కనిపించదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 212 తరంలో డ్రైవరు స్టీరింగును దిద్దే తీరును గమనించి నిద్రమత్తును పసికట్టే ఏర్పాటు వచ్చింది. 2016 నాటి డబ్ల్యూ 213లో ఒక చిన్న విశేషం ఉంది, దాని గురించి ప్రకటనల్లో అంతగా చెప్పరు. ఎయిర్ బ్యాగు పేలే చప్పుడు 150 డెసిబెల్సు దాటవచ్చు. గుద్దుకోబోతున్నామని తెలియగానే ఈ కారు స్పీకర్లలో ముందుగా ఒక హోరు వినిపిస్తుంది. ఆ హోరుకు మధ్యచెవిలోని స్టేపీడియస్ అనే చిన్న కండరం అప్రయత్నంగా ముడుచుకుని, కర్ణాంతరాస్థిని బిగపట్టి, లోపలిచెవికి వెళ్ళే ధ్వనిని తగ్గిస్తుంది. శరీరంలో అప్పటికే ఉన్న తలుపును, తుఫాను రాకముందే మూయించడం. బరేనీ బతికి ఉంటే దీన్ని మెచ్చుకునేవాడు; ఆయన 1997లో మరణించాడు.

2023లో వచ్చిన డబ్ల్యూ 214లో ముందున్న బల్ల అంతా తెరలే. చిత్రాలు తీసుకోవడానికి కెమెరా కూడా ఉంది. గాలి నిరోధ గుణకం 0.23కి దిగింది. జర్మనీలో దీన్ని నడిపేవారు ముందు సీటును చూసి కొంటారు. మన దేశంలో వెనక సీటును చూసి. అందుకే 2017 నుంచి ఇక్కడ చక్రాల మధ్య దూరం పొడిగించి, వెనక కాళ్ళకు చోటు పెంచిన ప్రత్యేక రూపాన్ని తయారుచేస్తున్నారు. 2024 అక్టోబరులో కొత్త తరం కూడా ఆ పొడవాటి రూపంలోనే పుణె దగ్గరి చాకన్ కర్మాగారం నుంచి వెలువడింది. రెండు పెట్రోలు రకాలతో పాటు అందులో ఇ 220 డి అనే డీజిల్ రకం కూడా ఉంది. గ్లో ప్లగ్గు కోసం మాత్రం ఇప్పుడు ఎవరూ కాచుకోనక్కరలేదు.